బాపు ఫోనుకు రూటు చేసిన ఆదివారం

బాపు గొంతు తీసేస్తారని తెలిసిన వారమే నేను రెండు ఫోన్లు కొన్నాను. రెండూ ఒకే రకం, ఒకే దుకాణంలో. ఒకటి ఆయనకు, ఒకటి నాకు. తెలంగాణ వచ్చిన కొత్తలో సంగతి ఇది. టచ్ ఫోన్లు అప్పుడప్పుడే మావంటి ఇళ్ళలోకి వస్తున్నాయి.

నేను మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు తెలుగు చెప్పేదాన్ని. ఒక్క గది కిరాయికి తీసుకుని ఉండేదాన్ని. అమ్మా బాపూ ఆలేరు దగ్గరి మా ఊళ్ళో ఉండేవాళ్ళు. బాపు నేత మనిషి. ముప్పై ఏళ్ళకు పైగా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నవాడు. గొంతు బొంగురుపోతే చలి అనుకున్నాం, ఆ తర్వాత దుమ్ము అనుకున్నాం. హైదరాబాదు దవాఖానలో డాక్టరు గొంతులో క్యాన్సర్ గడ్డ ఉందని చెప్పి, కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. మాట పుట్టే పెట్టె మొత్తం తీసేస్తారు. మెడ ముందు ఒక రంధ్రం పెడతారు. ఊపిరి అక్కడినుంచే. మాట ఇక ఉండదు.

బయటికి వస్తూ బాపు అన్నాడు, "రాసుడైతే వస్తది గదా."

ఆయన ఐదో తరగతి దాకా చదివాడు. తెలుగు తప్పుల్లేకుండా రాస్తాడు. ఇంగ్లిషు అక్షరాలు తెలియవు. అమ్మకు ఏ అక్షరాలూ తెలియవు. అందుకే ఫోన్లు కొన్నది. ఆయన అక్కడ తెలుగులో రాసి పంపితే నేను ఇక్కడ చదువుకోవచ్చని.

ఆపరేషనైన పదో రోజు దవాఖాన మంచం మీద ఫోను ఆయన చేతికిచ్చి తెలుగు కీబోర్డు తెరిచాను. మీటల మీద అక్షరాలు లేవు. వరుసగా చిన్న చిన్న డబ్బాలున్నాయి, అంతే. ఏది నొక్కినా మరో డబ్బా వచ్చి పడుతోంది. బాపు నా మొహం చూశాడు. నేను ఫోను ఆపేసి మళ్ళీ తెరిచాను. మళ్ళీ డబ్బాలే. కొన్న దుకాణానికి పోయి అడిగితే, "గీ మోడల్‌ల తెలుగు రాదమ్మా. ఇంగ్లిషుల కొట్టుమను" అన్నాడు. ఇంకో ఫోను కొనే మాట ఆ నెలల్లో మా ఇంట్లో ఎవరూ ఎత్తలేకపోయారు.

బాపును ఇంటికి తీసుకుపోయి, పలక ఒకటి కొనిచ్చి, నేను మహబూబ్‌నగర్ తిరిగొచ్చాను. పదిహేను రోజులకొక ఆదివారం పోయేదాన్ని. మధ్యలో రోజూ సాయంత్రం ఫోను.

"మంచిగనే ఉన్నడు బిడ్డా. ఫికర్ చెయ్యకు," అనేది అమ్మ ప్రతిసారీ, ఒకే గొంతుతో.

"బాపుకియ్యి," అనేదాన్ని. మెడ రంధ్రంలోంచి ఆయన ఊపిరి గరగరలాడుతూ వినపడేది. బాగుంటే గోటితో ఫోను మీద ఒకసారి కొట్టమని, బాగా లేకపోతే రెండుసార్లని చెప్పి పెట్టాను. ఆయన ఎప్పుడూ ఒకసారే కొట్టేవాడు. పక్కన అమ్మ కూర్చుని ఉండేదని నాకు తెలుసు. ఆ ఒక్క టక్కును నేను నమ్మలేకపోయేదాన్ని. కాగితం మీద రాయించి ఫొటో పంపించమంటే అమ్మకు ఫొటో తీయడం చేతకాలేదు. బాపు తానే ఒకటి రెండు తీశాడు గానీ మా ఊరి నెట్టు వాటిని మోయలేక మధ్యలోనే వదిలేసింది.

మా బడిలో కంప్యూటర్ చెప్పే టీచరు ఒకామె ఉండేది. కేతేపల్లి మనిషి. నాకన్నా పదేళ్ళు పెద్ద, నేను అక్కా అని పిలిచేదాన్ని. వాళ్ళ అమ్మానాయినలు కూలికి పోయి చదివించారు. ఏ పని మొదలుపెట్టినా ముందు కళ్ళు మూసుకుని రెండు మాటలు ప్రార్థన చేసుకునేది. ఒకరోజు భోజనాల వేళ నా ఫోను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీన్ని రూట్ చెయ్యాలె," అన్నది.

"అంటే?"

"ఫోను లోపట ఒక అర్ర ఉన్నదనుకో. అక్షరాలన్నీ అండ్ల ఉంటయి. కంపెనీ దానికి తాళమేసి చెవి తనకాడ పెట్టుకున్నది. రూట్ చేసుడంటే గా తాళం తీసుడు. అప్పుడు తెలుగు అక్షరాల ఫైలు మనమే లోపట పెట్టొచ్చు."

"మరి తియ్యక్కా."

"గంత అల్కగ కాదు. గ్యారంటీ పోతది. నడిమిట్ల ఏదన్న తప్పైతే ఫోనే చస్తది. మల్ల లేవకపోవచ్చు."

వారం రోజులు ఆ మాటే తలలో తిరిగింది. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను. దవాఖాన వాళ్ళు పరీక్షకు తారీకు చెప్పేది ఆ నంబరుకే. అమ్మకు ఏ గడియలో ఏం అవసరం పడినా అదే దిక్కు. అది చచ్చిపోతే ఆ ఇంటినుంచి ఆ ఒక్క టక్కు కూడా రాదు. చివరికి ముందు నా ఫోను మీద చేసి చూద్దామనుకున్నాం.

శనివారం ఒంటిపూట బడి అయిపోయాక కంప్యూటర్ గదిలో కూర్చున్నాం. అక్క కళ్ళు మూసుకుంది, తెరిచింది, వైరు కలిపింది. కంప్యూటర్ మీద తెల్లటి గీతలు గబగబా పైకి పాకాయి. ఫోను ఆగి, మళ్ళీ వెలిగింది. కంపెనీ గుర్తు వచ్చింది. అక్కడే నిలబడిపోయింది. పది నిమిషాలైంది. అరగంటైంది. బ్యాటరీ ఊడదీసి మళ్ళీ పెట్టాం. మళ్ళీ అదే గుర్తు.

"చచ్చిందా అక్కా?"

ఆమె కంప్యూటర్ తెర మీదికి వంగింది. నుదుటి మీద చెమట తుడుచుకుంటూ ఏదో చదువుతోంది. చాలాసేపటికి తలెత్తి, "నాదే తప్పు," అన్నది. "మోడల్ నంబరు చివర ఒక అక్షరం తేడా ఉన్నది. వేరేదాని ఫైలు ఎక్కించిన."

మూడు గంటలు పట్టింది దాన్ని లేపడానికి. లేచేటప్పటికి నంబర్లు, ఫొటోలు, మెసేజులు అన్నీ తుడుచుకుపోయాయి. ఆ తర్వాత సరైన ఫైలుతో తాళం తీసి, తెలుగు అక్షరాలు లోపల పెట్టింది. ఈసారి వెలిగితే తెలుగు కనపడింది. అయితే ఒత్తులు కిందికి చేరలేదు. అమ్మ అని కొడితే 'అమ్‌మ' అని పడింది. తెలుగు టీచరును, ఆ విరిగిన అక్షరాలు చూసి నాకు నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

తర్వాతి ఆదివారం ఊరికి పోయాను. చర్చికి పోకుండా అక్క కూడా నాతో వచ్చింది, తన పాత లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని. బస్సులో దారంతా నాకు చేయవద్దనే అనిపించింది. నా ఫోను మూడు గంటలు చచ్చి పడివుండటం చూశాక ధైర్యం చాలలేదు. ఇంటికి చేరాక బాపు ముందు కూర్చుని ఏదీ దాచకుండా చెప్పాను.

ఆయన పలక మీద రాశాడు: "నీది చచ్చెనా?"

"చచ్చి బతికింది బాపూ."

అరచేత్తో తుడిచి మళ్ళీ రాశాడు: "ఆమెకు ఇప్పుడు తప్పు ఎక్కడనో ఎరుకేనా?"

అక్క చదివి, "ఎరుకే పెద్దనాయినా. కానీ మల్ల కొత్త తప్పు కావచ్చు. కాదని నేను చెప్ప," అన్నది.

బాపు ఆమె మొహం కాసేపు చూశాడు. ఆ తర్వాత పలక మీద ఒకే మాట రాసి నా వైపు తిప్పాడు: "చెయ్యి."

"వద్దు," అన్నది అమ్మ గుమ్మంలోంచి. పలక మీద ఏముందో ఆమెకు తెలియదు, మా మొహాలు చూసే అన్నది. "అది ఖరాబైతే నేను ఎవలతోని మాట్లాడాలె? గీయనతోని మాట్లాడితే జవాబు రాదు."

బాపు ఆమెవైపు చెయ్యెత్తి, ఆగమన్నట్టు ఊపాడు. అమ్మ గిన్నెలు చప్పుడు చేసుకుంటూ వంటింట్లోకి పోయింది.

ఫోనులో ఉన్నవన్నీ ముందుగా లాప్‌టాప్‌లోకి ఎక్కించాం. అందులో ఒక రికార్డు ఉంది. ఆపరేషనుకు ముందురోజు నేనే అడిగి బాపుతో మాట్లాడించినది. ఏం మాట్లాడాలో తోచక ఆయన చీర అంచుల పేర్లు చెప్పాడు, చిన్నప్పుడు ఆలేరు స్టేషన్లో రైలు తప్పిపోయిన సంగతి చెప్పాడు. సరిగ్గా ఎక్కిందో లేదో చూద్దామని అక్క దాని చివరి ముక్క నొక్కింది. లాప్‌టాప్‌లోంచి బాపు గొంతు గట్టిగా వచ్చింది.

"ఇగో, జర నీళ్ళు తే."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. చెంబు పట్టుకుని అమ్మ గబగబా బయటికి వచ్చింది. నాలుగడుగులు వేశాక ఆగిపోయింది. బాపు లేచి పోయి ఆమె చేతిలోని చెంబు తీసుకుని నీళ్ళు తాగాడు. అక్క తల దించుకుని వైరు సర్దుతూ ఉండిపోయింది.

మోడల్ నంబరు అక్కా నేనూ మూడేసిసార్లు చదివాం. అక్క కళ్ళు మూసుకుని తెరిచి మొదలుపెట్టింది. తెల్లటి గీతలు పాకుతుండగా పైన ఫ్యాను నెమ్మదించి ఆగింది. కరెంటు పోయింది.

"దీని బ్యాటరీ ఎంతసేపుంటదక్కా?"

"ఇరవై నిమిషాలు. పాతదైపోయింది."

"ఆపేద్దామా?"

"ఇప్పుడు ఆపితేనే చస్తది. ముట్టకు."

లాప్‌టాప్ మూలన అంకె తగ్గుతోంది. గీతలు ఒకచోట నిలబడిపోయాయి. బాపు ఊపిరి నా వెనకే గరగరమంటోంది, మామూలు కన్నా వేగంగా. అంకె పది కిందికి పడినప్పుడు గీతలు మళ్ళీ కదిలాయి. ఫోను ఆగింది. వెలిగింది. కంపెనీ గుర్తు వచ్చింది. నేను లోలోపల లెక్కపెట్టుకున్నాను. నలభై దాటింది, యాభై దాటింది. అప్పటికి గుర్తు పోయి తెర తెరుచుకుంది. అక్క తెలుగు అక్షరాల ఫైలు లోపల పెట్టి, వైరు పీకిన కాసేపటికే లాప్‌టాప్ నల్లబడిపోయింది.

బాపు ఫోను తీసుకుని చూపుడువేలితో ఒక్కొక్క అక్షరమే వెతికి కొట్టాడు. నా ఫోను మోగింది. 'అన్‌నం తిని పొండ్‌రి' అని ఉంది.

"ఒత్తులు పక్కకు పడుతున్నయి పెద్దనాయినా, అది నాతోని కాలె," అన్నది అక్క.

బాపు పలక తీసుకుని రాశాడు: "పడనియ్యి. సదువ వస్తాంది."

ఆ తర్వాత వచ్చిన పదో రోజు బుధవారం. ఏడో తరగతిలో పాఠం చెబుతున్నాను. ఫోను కదిలింది. బాపునుంచి.

'నెత్‌తురు వస్‌తాంది. రంధ్‌రం కాడ. రెండు రోజులాయె. మీ అమ్‌మకు తెల్‌వది. గుడ్‌డతోని తుడుస్‌తున్‌న.'

రెండుసార్లు చదివాను. పిల్లలను అలాగే వదిలేసి వరండాలోకి పోయి అమ్మకు ఫోను చేశాను.

"మంచిగనే ఉన్నడు బిడ్డా," అన్నది.

"అమ్మా, బాపు మెడ కాడి గుడ్డ తీసి చూడు. ఇప్పుడే."

అడుగుల చప్పుడు వినిపించింది. ఆ తర్వాత అమ్మ కేక వినిపించింది.

పొరుగింటి ఆటోలో వాళ్ళు ఆలేరు పోయి హైదరాబాదు రైలెక్కారు. నేను మహబూబ్‌నగర్‌లో బస్సెక్కాను. బస్సులో ఉన్నంతసేపూ బాపు రాస్తూనే ఉన్నాడు: ఎక్కినం, కూర్చున్నం, నెత్తురు కొంచెమే, భయపడకు. మధ్యలో మెసేజ్ రాని పావుగంట ఒకటుంది. ఆ పావుగంటలో షాద్‌నగర్ ఎప్పుడు దాటిందో నాకు తెలియలేదు.

రంధ్రంలో పెట్టిన గొట్టం లోపల కండను ఒరుసుకుని పుండు చేసిందట. డాక్టరు గొట్టం మార్చి ఐదు రోజులు ఉంచుకున్నాడు. గడ్డ తిరిగి రాలేదని చెప్పాడు. ఆ మాట విన్నాక నేను వరండాలో గోడకానుకుని కూర్చున్నాను. అమ్మ వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"గాయన రాసింది సదువు," అన్నది.

చదివాను. 'మీ అమ్మకు తెల్వది' అన్నచోట ఆగితే, "ఆగకు," అన్నది. మొత్తం విని లోపలికి పోయింది, నేను వెనకే పోయాను.

"ఇరవై ఎనిమిదేండ్లు నీ పక్కన పన్న. గంత దూరాన ఉన్న బిడ్డకు చెప్పినవు, నాకు చెప్పలె?"

బాపు పలక మీద రాశాడు. నేను చదివి వినిపించాను: "నువ్వు ఏడుస్తవని."

"ఏడిస్తే ఏడుస్త. నా ఏడుపుతోని నీకేం నొప్పి?"

బాపు సుద్ద కింద పెట్టేశాడు. ఆ రోజు వాళ్ళిద్దరి మధ్య నిలబడి, నేను కొన్న ఫోను అక్షరాలు రాని ఆమెకు ఏం చేసిందో మొదటిసారి ఆలోచించాను. రూటు చేయాలా వద్దా అని అన్ని రోజులు కొట్టుకున్నప్పుడు ఆ సంగతి నా లెక్కలోనే లేదు.

ఇంటికి వచ్చిన తర్వాత బాపు ఒక అలవాటు చేసుకున్నాడు. రోజూ పొద్దున వాకిట్లో వెలుతురుకు మెడ ఎత్తి కూర్చునేవాడు. అమ్మ గుడ్డ తీసి, చూసి, కడిగి, కొత్త గుడ్డ కట్టేది. అప్పుడు నాకు మెసేజ్ వచ్చేది: 'చూసింది. మంచిగ ఉన్‌నది.' ఆ ఫోను వారానికోసారి దానంతట అదే ఆగిపోయేది. బాపు బ్యాటరీ తీసి, చొక్కాకు తుడిచి, మళ్ళీ పెట్టుకునేవాడు. అలా రెండేళ్ళు నడిపాడు.