గోడ మీంచి నేర్చిన మేత

ఆమెను వీధిలో అందరూ ప్రయోగాలమ్మ అనేవారు. ఉన్నవి రెండు ఆవులు, చేసేవి ఇరవై ప్రయోగాలు. పాల కేంద్రంలో ఏ కొత్త సంగతి చెప్పినా ముందు ఆమె కొట్టంలోకే వచ్చేది. ఆవుల కింద రబ్బరు పరుపు వేసిన రోజున, "ఇక దిండ్లు కూడా కొను తల్లీ!" అని నవ్వారు. ఆర్నెల్లు తిరక్కుండా నవ్విన ప్రతివాళ్ళ కొట్టంలోకీ ఆ పరుపు వచ్చింది. మన జనం చెబితే వినరు, చూస్తే మాత్రం వదలరు. తనను చూసి నలుగురూ చేస్తుంటే ఆమెకు కడుపు నిండినట్టుండేది.

పక్క వాటా చిన్న తోడికోడలిది. మధ్యన నడుమెత్తు గోడ. కుళాయి దగ్గర మాటా మాటా పెరిగి, ఏడాదిగా ఇద్దరికీ మాటల్లేవు. చిన్నదానికి ఉన్నది ఒక్కటే ఆవు. ఇల్లంతా దాని పాల మీదే నడిచేది.

ఆ ఏడు పచ్చిమేత కరువైంది. ప్రయోగాలమ్మ ఎండుగడ్డి మీద యూరియా నీళ్ళు చల్లి, గాలి చొరకుండా పట్టా కప్పడం మొదలుపెట్టింది. మూడు వారాలు మగ్గితేనే అది మేత, ఈలోగా పెడితే విషం. ఒక కుప్ప మగ్గుతుంటే ఇంకో కుప్ప విప్పేది కాబట్టి, చూసేవాళ్ళకు నిన్న చల్లి ఇవాళ పెడుతున్నట్టే ఉండేది. వీధిలో కొందరు వచ్చి అడిగి నేర్చుకున్నారు. చిన్నది మాత్రం గోడ మీంచి చూసి నేర్చుకుంది. రోజులు గోడ మీంచి కనబడవు కదా!

చిన్నది గడ్డి మీద యూరియా చల్లిన నాలుగో రోజు పొద్దున, పెద్దామె పేడ ఎత్తుతూ తలెత్తేసరికి, అవతల పట్టా లాగుతోంది. "ఆగవే" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ముందు తనే పలకరిస్తే లోకువైపోనూ? కావాలంటే అదే వచ్చి అడుగుతుంది. పేడ తట్ట ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. ఊరందరికీ పాఠాలు చెప్పే నోరు, ఆ ఒక్క ముక్క దగ్గర పెగల్లేదు.

కాసేపటికే అవతల నుంచి కేక వినబడింది. ఆమె గోడ దూకింది. ఆవు వణికిపోతూ, నోట నురగ కక్కుతూ పడి ఉంది. పశువుల డాక్టరు వచ్చేసరికి అంతా అయిపోయింది.

మధ్యాహ్నానికి వీధిలో నేర్చుకున్నవాళ్ళంతా తమ పట్టాలు విప్పి గడ్డిని దిబ్బలో పోశారు. కొత్త పద్ధతి నాటుకోవడానికి నెలలు పట్టింది, భయానికి ఒక్క పూట చాలింది.

ఖాళీ గుంజ దగ్గర కూలబడ్డ చిన్నది, ఏడాది తర్వాత మొదటిసారి నోరు విప్పింది.

"నేనెక్కడ తప్పు చేశానక్కా?"

"మూడు వారాలదాకా విప్పకూడదే."

"అయ్యో, నాకు తెలీదే! పొద్దున నేను పట్టా తీసేటప్పుడు నువ్వు చూళ్ళేదా?"

పెద్దామె "లేదే" అంది.

చిన్నది ఆమె భుజం మీద తల ఆన్చి బావురుమంది. "చూసుంటే చెప్పేదానివేలే అక్కా. ఎంత మాటల్లేకపోయినా నువ్వు అలాంటిదానివి కాదు."