తొంభై ఆరు ఊళ్ళ హాజరు

అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని షాంటిలీలో ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ పైన రెండు గదుల ఆఫీసు ఉంది. తలుపు మీద బోర్డు చిన్నది గానీ, దాని మీదున్న పేరు మాత్రం ఘనమైనది: అంతర్జాతీయ చారిత్రక పట్టణాల సమాఖ్య. కోట గోడలున్నవి, పాత రేవులున్నవి, రాళ్ళు పరిచిన వీధులున్నవి, మొత్తం తొంభై ఆరు ఊళ్ళు అందులో సభ్యులు. నాలుగు ఖండాల్లో ఉన్న ఈ ఊళ్ళన్నిటినీ ఒక్క తాటి మీద నడపడానికి ఉన్న ఉద్యోగి ఒక్కతే. ఆమె పేరు నవోమి. క్లినిక్‌కి వచ్చినవాళ్ళు పొరపాటున మెట్లెక్కి, దవడ పట్టుకుని ఆమె ఎదురుగా కూర్చోవడం వారానికోసారైనా జరుగుతుంది. వాళ్ళని మళ్ళీ కిందికి పంపడం కూడా ఆమె పనే.

నవోమిది బందరు. పెళ్ళికి ముందు అక్కడి మునిసిపల్ ఆఫీసులో, జనన మరణాల విభాగంలో నాలుగేళ్ళు జూనియర్ అసిస్టెంటుగా చేసింది. రిజిస్టరులో పేరు తప్పు పడితే ఆ మనిషి ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలో అక్కడే చూసింది. అప్పటినుంచి పేర్ల విషయంలో ఆమెకి కాస్త చాదస్తం. సాఫ్ట్‌వేర్ టెస్టింగు చేసే భర్త షాలేం రాజు వెంట 2009లో వర్జీనియా వచ్చింది. డిపెండెంట్ వీసా కాబట్టి ఆరేళ్ళు ఉద్యోగం చేసే హక్కు లేదు. ఆ ఆరేళ్ళూ ఏం చేశావని ఎవరైనా అడిగితే, తెలుగు చర్చిలో రెండు వందల మంది పేర్లు, వాళ్ళ పిల్లల పేర్లు, ఎవరికి ఏ కూర పడదో కంఠతా పట్టిందని షాలేం రాజు జవాబు చెబుతాడు. అది వేళాకోళమే అయినా అబద్ధం కాదు.

పని చేసుకోవచ్చని అనుమతి రాగానే సమాఖ్యలో కాగితాలు సర్దే చిన్న ఉద్యోగంలో చేరింది. ఆమె పైవాళ్ళు ఒక్కొక్కరే ఇంకా మంచి ఉద్యోగాలు చూసుకుని వెళ్ళిపోయారు. చివరికి ఆఫీసులో కుర్చీలు మిగిలాయి, నవోమి మిగిలింది. అలా కార్యదర్శి అయింది. పదవి అలా వచ్చినా, పనిని మాత్రం ఆమె ప్రాణంగా చూసుకుంది. పాత ఊరు ఏ దేశంలో ఉన్నా దాని కష్టాలు ఒకటే. కప్పులు కారతాయి, గోడలు ఉప్పెక్కుతాయి, ఇరుకు వీధిలో బస్సు తిరగదు. ఒక ఊరు పదేళ్ళ కిందటే తేల్చుకున్న చిక్కుతో ఇంకో ఊరు ఇవాళ తల బాదుకుంటూ ఉంటుంది. ఆ రెండిటినీ కలపడానికి ఒక మనిషి ఉండాలని ఆమె నమ్మకం.

"ఊళ్ళకి ఊళ్ళు నీ చేతి కింద ఉన్నాయి, డిష్‌వాషర్ మాత్రం రోజూ నేనే అన్‌లోడ్ చేస్తున్నా," అంటాడు షాలేం రాజు.

"ఆ పని అంత బాగా ఇంకెవరూ చెయ్యలేరండీ," అంటుంది నవోమి, లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా.

అలాంటి సమాఖ్య మూతపడే రోజు వచ్చింది. నియమావళిలో ఒక నిబంధన ఉంది. సాలుసరి సమావేశానికి సగం ఊళ్ళు, అంటే నలభై ఎనిమిది, హాజరు కావాలి. వరసగా రెండేళ్ళు ఆ లెక్క అందకపోతే సమాఖ్య తనంతట తానే రద్దయిపోతుంది. పోయిన ఏడు వచ్చినవి నలభై ఒకటి. ఈ ఏడు సమావేశం అక్టోబరులో. అధ్యక్షుడు వాల్టర్ హార్గ్రోవ్ రిటైరైన ఆర్కిటెక్టు, మంచివాడు, బాగా అలిసిపోయినవాడు. ఆగస్టు చివర్లో వచ్చి నవోమి ఎదుట కూర్చున్నాడు.

"ఒక పెద్ద సంస్థ మన వెబ్‌సైటునీ సభ్యుల జాబితానీ తీసుకుంటానంటోంది. గౌరవంగా ముగిద్దాం. నీకు మంచి సిఫారసు ఉత్తరం రాసిస్తాను," అన్నాడు.

"ఉత్తరం వద్దు వాల్టర్. అక్టోబరు దాకా టైమ్ ఇవ్వండి చాలు," అంది నవోమి.

ఆయన సరేనన్నాడు. ఆ సాయంత్రమే నవోమి ఒక ఘనకార్యం చేసింది. అలాంటిది బందరు చర్చిలో పెరిగిన మనిషి తప్ప ఇంకెవరూ చెయ్యరు.

ఆమె చిన్నప్పుడు ఆదివారం ఆరాధనలో ప్రకటనల దగ్గరికి వచ్చేసరికి, కిందటి వారం రానివాళ్ళ పేర్లు పైకి చదివేవారు. ఎవరూ తప్పుగా అనుకునేవారు కాదు. పేరు చదివారంటే తలుచుకున్నారని లెక్క. మరుసటి ఆదివారం ఆ పేరుగలవాళ్ళు సిగ్గుపడుతూ నవ్వుతూ వచ్చి వెనక బల్ల మీద కూర్చునేవారు. నవోమి సరిగ్గా అదే చేసింది. పోయిన ఏడు రాని యాభై అయిదు ఊళ్ళ పేర్లు అక్షర క్రమంలో రాసి, కింద 'మీరు లేని లోటు మాకు తెలుస్తోంది' అని ఒక వాక్యం చేర్చి, తొంభై ఆరు ఊళ్ళకీ ఒకేసారి మెయిల్ కొట్టింది. కొట్టి, మనసు తేలికపడి, హాయిగా నిద్రపోయింది.

తెల్లారేసరికి నిప్పు అంటుకుంది. మమ్మల్ని బడిపిల్లల్లా బెంచీ ఎక్కించారా అని ఒక మేయరు రాశాడు. పొరుగూళ్ళ ముందు పరువు తీశారని ఇంకొకడు. బల్గేరియా కొండల్లో ఉన్న రుదోవా అనే చిన్న ఊరైతే రెండు వాక్యాల రాజీనామా పంపింది. అది సంవత్సరం ఆఖరున గానీ అమల్లోకి రాదు, అయినా ఉత్తరం ఉత్తరమే.

"నువ్వు మంచి మనసుతోనే చేశావు. దయచేసి ఇక ఏమీ చెయ్యకు," అన్నాడు వాల్టర్ ఫోన్‌లో.

నవోమి కార్లో కూర్చుని ఏడ్చింది. ఊళ్ళు పోతున్నందుకు కాదు, తన చేత్తో తనే పోగొడుతున్నందుకు ఏడ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యాక, ఫెలోషిప్ హాల్లో పులిహోర ట్రేల దగ్గర పాస్టరమ్మగారు ఆమెని పక్కకి పిలిచారు. ఆవిడది కాకినాడ వైపు. నలభై ఏళ్ళుగా సంఘాలు చూస్తున్న మనిషి.

"ముఖం అలా ఉందేంటమ్మా?"

నవోమి జరిగిందంతా చెప్పింది. ఆవిడ గరిటె కింద పెట్టి మరీ విన్నారు.

"పేర్లు మేమూ చదివేవాళ్ళమే. కానీ చదివేసి ఊరుకునేవాళ్ళమా? సోమవారం పొద్దున్నే వాళ్ళ గుమ్మంలో ఉండేవాళ్ళం. నువ్వు సగం పని చేసి వదిలేశావ్, అదీ నీ తప్పు."

"వెళ్ళి ఏమడిగేవారండీ?"

"ఎందుకు రాలేదని మాత్రం అడక్కూడదు. అడిగితే అబద్ధమన్నా చెప్తారు, ముఖమన్నా తిప్పేసుకుంటారు. ఏదో ఒక పని అప్పజెప్పాలి. 'బల్ల మీద పువ్వులు నువ్వే సర్దాలమ్మా, నీ చెయ్యి పడితే బాగుంటాయి' అనాలి. తన చెయ్యి కావాలంటే రానివాళ్ళెవరు చెప్పు?"

ఆ మాట నవోమికి సూటిగా తగిలింది. పదేళ్ళుగా సమాఖ్య ఊళ్ళకి పంపినవన్నీ ఫారాలే. సర్వే నింపండి, వివరాలు పంపండి, గడువు దాటుతోంది. మీ చెయ్యి కావాలని ఏ ఊరికీ ఎవరూ రాసిన పాపాన పోలేదు.

సోమవారం తెల్లవారుజామున అయిదింటికి వంటింటి బల్ల దగ్గర ఫోన్ పట్టుకుని కూర్చుంది. ఆ వేళకి యూరప్‌లో ఆఫీసులు తెరిచి ఉంటాయి. యాభై అయిదు ఊళ్ళు, ఆరు వారాలు. మొదటి వారంలోనే ఒక సంగతి బయటపడింది. చాలా ఊళ్ళకి మెయిల్స్ ఎప్పుడో దిగిపోయిన మేయర్ల పేర్ల మీద వెళుతున్నాయి. ఫోన్ ఎత్తేవాళ్ళు వేరు. ఒక ఊళ్ళో లైబ్రేరియన్, ఒక ఊళ్ళో టైపిస్టు, ఇంకో ఊళ్ళో గంట స్తంభానికి తాళం తీసే ఆవిడ. నవోమి ఒక్కొక్కరి పేరూ అడిగి, అక్షరం అక్షరం పలికించుకుని రాసుకుంది. తరవాత ఒకే ప్రశ్న వేసింది. "మీ ఊరివాళ్ళకి బాగా చేతనైన పని ఏంటండీ? ఇంకో ఊరికి సాయం కావాలి."

అవతలివాళ్ళు మొదలుపెట్టారంటే ఇక ఆపడం కష్టమయ్యేది. ఒకావిడ పెంకుల గురించి నలభై నిమిషాలు చెప్పింది.

"అమ్మా, యూ ఆర్ షౌటింగ్," అని పదిహేడేళ్ళ కూతురు ఫెబీ కళ్ళు నులుముకుంటూ వచ్చింది. "పోర్చుగల్ వాళ్ళకి ఫోన్ లేకుండానే వినిపిస్తది."

పోర్చుగల్‌లో విలా సేర అనే రేవు పట్టణానికి నిజంగానే సాయం కావాలి. సముద్రం వైపున్న పాత కస్టమ్స్ ఇంటి గోడలకి ఎవరో సిమెంటు పూశారు. లోపలి తడి బయటికి పోలేక గోడలు పొరలు పొరలుగా ఊడుతున్నాయి. పాత పద్ధతిలో సున్నం పూసే మేస్త్రీలు కావాలి, అక్కడ ఎవరూ మిగల్లేదు. నవోమి వెతికితే పాత రికార్డుల్లో రుదోవా పేరే తగిలింది. సరిగ్గా ఆ ఊరే రాజీనామా ఇచ్చింది మరి.

రుదోవాకి నాలుగుసార్లు చేస్తే ఎవరూ ఎత్తలేదు. అయిదోసారి ఒక గరుకు గొంతు పలికింది. టౌన్ హాలు వాచ్‌మన్, పేరు స్తోయన్. కుర్రతనంలో ఓడల మీద పనిచేసి నేర్చుకున్న ముక్కల ఇంగ్లీషు ఆయనది.

"మేయరు బిజీ. అమెరికా అంటే కోపం. జాబితా అమెరికా."

"ఆ జాబితా రాసింది నేనేనండీ. తప్పు చేశాను," అంది నవోమి. "దాని గురించి కాదు. మీ ఊళ్ళో సున్నం మేస్త్రీలు ఉన్నారా?"

అవతలి గొంతు మారింది. "ముగ్గురు. ఒకడు నా బావమరిది. పని లేదు, రోజంతా పేకాట. ఎందుకు?"

నవోమి చెప్పింది. ఆయన విలా సేర ఫోన్ నంబరు రాసుకుని, మళ్ళీ చదివి వినిపించి పెట్టేశాడు. ఆ తరవాత రుదోవా నుంచి ఏ కబురూ లేదు. నవోమి ఇంకో మూడుసార్లు చేసింది. ఫోన్ మోగింది, అంతే.

సమావేశం గురువారం ఉదయం తొమ్మిదింటికి, వీడియోలో. వాల్టర్ ఆఫీసుకి వచ్చి ఆమె పక్కనే కూర్చున్నాడు. ఆయన ముందు రద్దు తీర్మానం టైపు చేసి సిద్ధంగా ఉంది. తెర మీద గళ్ళు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. పెంకులావిడ వచ్చింది. గంట స్తంభం తాళాలావిడ తన మేయర్ని పక్కన కూర్చోబెట్టుకుని వచ్చింది. విలా సేర వచ్చింది. నవోమి ప్రతి ఊరినీ పేరుపెట్టి పలకరించి, కాగితం మీద గీత పెట్టుకుంటూ పోయింది. తొమ్మిదిన్నర దాకా హాజరు వేయవచ్చు. తొమ్మిదీ ఇరవై ఎనిమిదికి గీతలు నలభై ఏడు.

వాల్టర్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. "నవోమి, ఇంతమందిని తేగలవని నేను అనుకోలేదు. నిజంగా అనుకోలేదు," అని తీర్మానం చేతిలోకి తీసుకున్నాడు.

"ఇంకా రెండు నిమిషాలుంది," అంది నవోమి. గీతలు పెట్టే కాగితం ముందుకి లాక్కుంది.

కొత్త గడి ఒకటి తెరుచుకుంది. అందులో తెల్ల మీసాల పెద్దమనిషి కెమెరాకి మరీ దగ్గరగా ఉన్నాడు. "రుదోవా," అన్నాడు.

"స్తోయన్ గారూ!" నవోమి కుర్చీలోంచి లేచిపోయింది.

వాల్టర్ ఇబ్బందిగా కదిలాడు. "క్షమించండి. ఊరి తరఫున అధికారం ఉన్నవాళ్ళే హాజరు వేయాలి. పైగా మీ ఊరు రాజీనామా..."

స్తోయన్ ఫోన్‌ని పక్కకి తిప్పాడు. అది బస్ స్టాండు. ముగ్గురు మేస్త్రీలు తాపీలు కట్టిన సంచులు పక్కన పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు. వాళ్ళ పక్కన నడివయసు స్త్రీ ఒకావిడ, మెడలో మేయరు హోదా తెలిపే గొలుసుతో నిలబడి ఉంది. మేస్త్రీలని సాగనంపడానికి గొలుసు వేసుకుని మరీ వచ్చినట్టుంది.

"ఆ రాజీనామా నేనే రాశాను," అందావిడ. "వీళ్ళు విలా సేర వెళుతున్నారు. మా ఊళ్ళో వాళ్ళని పనికి రమ్మని ఇంకో దేశం పిలిచి ఎన్నేళ్ళయిందో నాకు గుర్తు లేదు. మీ నుంచి వచ్చిన ప్రతి ఉత్తరమూ మా ఊరు ఏం చెయ్యలేదో చెప్పింది. ఏం చెయ్యగలదని మీరు అడిగింది ఇదే మొదటిసారి."

నవోమి ఆ ఆరు వారాలూ ఇంగ్లీషులో ఒక క్షమాపణ తయారు చేసుకుని ఉంది. మూడు పేరాలు, బట్టీ పట్టింది. "మేడమ్, ఆ జాబితా విషయంలో నేను మీకు..." అని మొదలుపెట్టింది.

"అది తరవాత వింటాను," అంది మేయరు. "మా బస్సు వస్తోంది. ముందు మా ఊరి పేరు రాసుకో."

నవోమి రాసుకుంది, నలభై ఎనిమిదో గీత పక్కన.