మాస్టారు కలిపిన మనుషులు

మాస్టారు పోయారన్న మాట మొదట ఆయన శిష్యుల గ్రూపులో చూశాను; అందులో నన్నూ చేర్చుకున్నారు. ఒక ఫొటో, దాని కింద వరసగా దండం పెట్టే బొమ్మలు. ఆ రోజు నేను ఊళ్లో లేను; నమ్మకుండా ఆయన ఇంటికి ఫోన్ చేశాను. ఆయన భార్య ఎత్తారు.

"నిజమేనయ్యా. టిఫిన్ తిని వరండాలో కుర్చీలో కూర్చున్నారు. అట్టాగే పక్కకి ఒరిగారు. ఆసుపత్రికి తీసుకుపోయేసరికే ప్రాణం లేదన్నారు."

అప్పుడు గానీ నేను ఇంకొకరికి చెప్పలేదు.

ఆయన నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఐటీఐలో వెల్డింగ్ చెప్పేవారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర షెడ్లు వేస్తున్నారు, విశాఖలో ఓడలకు అతుకులు వేస్తున్నారు, గల్ఫ్‌లో పైపులైన్ల మీద ఉన్నారు. నేను ఆయన శిష్యుణ్ణి కాను. ఆయన వీధిలో అద్దెకుండే విలేకరిని. ఆయన వరండాలో టీ తాగిన రోజులు మాత్రం చాలా ఉన్నాయి.

రిటైరయ్యాక, సెలవు మీద వచ్చిన శిష్యుడొకడు ఆయన ఫోన్‌లో ఒక సోషల్ నెట్‌వర్క్ ఖాతా తెరిచి ఇచ్చాడు. సినిమాలు, పండగ ఫొటోలు పెట్టుకునేది కాదు. ఉద్యోగాలిచ్చేవాళ్లు, అడిగేవాళ్లు, వ్యాపారం చేసేవాళ్లు పరిచయాలు కలుపుకునేది. మాస్టారికి అది నచ్చింది. ఫోన్‌ను చేయి చాచినంత దూరంలో పట్టుకుని ఒక్కొక్కరి వివరాలు బయటికి చదివేవారు. "ఏమయ్యా, ఈయన వర్క్స్ మేనేజరంట. టై కట్టుకుని ఫొటో దిగాడు. నిప్పురవ్వ పడితే ముందు ఆ టైయే అంటుకుంటది."

కొత్తగా ఎవరు కలిసినా ఒకసారి ఫోన్ చేసి గొంతు వినేవారు. అది ఆయన నియమం. అవతలివాళ్లు కొందరు బిత్తరపోయేవారు. "ఫోన్ ఎందుకండీ, మెసేజ్ పెడితే చాలు" అనేవారు. ఈయన వినేవారు కాదు.

ఆ నెట్‌వర్క్‌లో మనకు తెలిసినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు రాసే చోటుంది. అందరూ అక్కడ పొగడ్తలు రాస్తారు. మాస్టారు ఒక శిష్యుడి గురించి ఇలా రాశారు: "పని బాగా చేస్తాడు. తల పైకెత్తి చేసే వెల్డింగ్‌లో తొందరెక్కువ. తిడితే అలుగుతాడు, అన్నం పెడితే మర్చిపోతాడు." అది చదివి విశాఖ నుంచి ఒక మేనేజరు నవ్వుతూ ఫోన్ చేశాడు. "మాస్టారూ, ఇట్లాంటి సిఫారసు నేనెక్కడా చూడలేదు. కుర్రాణ్ణి పంపండి."

ఆ ఫోన్ నేను విన్నాను. ఆ శిష్యుడు ఇంకా అక్కడే పని చేస్తున్నాడు.

మా వైపు పొలం బేరమైనా, గేదె బేరమైనా, పెళ్లి సంబంధమైనా మధ్య మనిషి ఉంటాడు. వ్యవహారం చెడితే రెండు వైపులవాళ్లూ ఆయన అరుగు మీదకే వస్తారు. ఆయన రాకుండా ఆపలేడు, తలుపేసుకోలేడు. మాస్టారు ఆ పద్ధతినే ఫోన్‌లోకి తీసుకెళ్లారు. తాను కలిపిన ప్రతి ఇద్దరి మధ్యా తాను ఉన్నట్టే లెక్క. జీతం సరిగా ఇవ్వడం లేదని శిష్యుడు చెబితే మేనేజరుకి ఫోన్ చేసేవారు. శిష్యుడు చెప్పకుండా పని మానేస్తే వాళ్ల ఇంటికి వెళ్లి కూర్చునేవారు. "నేను కలిపినప్పుడు నన్ను కాక ఎవర్నడుగుతారయ్యా?" అనేవారు.

ఇక్కడి నుంచి రాయడం కష్టం. అయినా ఇది వదిలేస్తే ఆయన గురించి రాసినట్టు కాదు.

విదేశాలకు మనుషుల్ని పంపుతానంటూ ఒకడు ఆ నెట్‌వర్క్‌లో ఆయనకు పరిచయమయ్యాడు. ఆగ్నేయాసియాలో ఒక దేశంలో వెల్డర్లు కావాలన్నాడు. మాస్టారు ఆ సంగతి తన శిష్యులకు పంపారు. గురజాల దాటాక ఒక ఊళ్లో ఉండే కుర్రాడు వెళ్లాడు. తండ్రి లేడు, తల్లి ఒక్కతే. అతని పేరూ ఊరి పేరూ రాయను.

అక్కడ వెల్డింగ్ షాపు లేదు. ఎత్తు గోడల మధ్య ఒక భవనం ఉంది. దొంగ పేర్లతో ఖాతాలు తెరిచి, ఉద్యోగాలిస్తామని, పెట్టుబడి పెట్టమని జనాన్ని నమ్మించి దోచుకునే పని. దిగిన రోజే పాస్‌పోర్టు లాక్కున్నారు. ఇంటికి ఒక్కసారి మాట్లాడనిచ్చారు. ఆ తర్వాత ఫోన్ మూగబోయింది.

తల్లి నరసరావుపేట వచ్చి మాస్టారి వరండాలో నిలబడింది. ఆ కబురు తెలిసి నేనూ వెళ్లాను.

"ఆ మనిషెవరో నాకు తెలవదు సారూ. నాకు తెలిసింది మీరే. మీరు చెప్పారని పంపా" అంది.

మాస్టారు ఆమె వెంట బస్టాండు దాకా వెళ్లారు. ఆమెను బస్సు ఎక్కించి వచ్చాక నేను అడిగాను. "ఆ మనిషి గొంతు విన్నారా మాస్టారూ?"

"లేదయ్యా. వాడి పరిచయాల లిస్టులో అప్పటికే మన పిల్లోళ్లు ఉన్నారు. మనోళ్లు కలిసిన మనిషిని మళ్లీ నువ్వెవరని అడిగితే బాగోదనుకున్నా."

ఆ లిస్టులో ఉన్న శిష్యులకు మాస్టారి ఎదుటే ఫోన్లు చేశాను. స్పీకర్ పెట్టాను. పిడుగురాళ్లలో షెడ్లు వేసే అతను మొదట ఎత్తాడు. ఆ మనిషి నీకెలా తెలుసని అడిగాను.

"నాకేం తెలుసండీ. సార్ ఉన్నారుగా ఆయన లిస్టులో. సార్ని చూసే ఒప్పుకున్నా."

గల్ఫ్‌లో ఉన్న మరొకతను అదే మాట చెప్పాడు. విశాఖలో ఉన్న అతనూ అంతే. ఆ మనిషితో మాస్టారి కంటే ముందే కలిసినవాళ్లు ఎవరని వెతికితే ఇద్దరు ముగ్గురు తేలారు. వాళ్లలో మాచర్లలో ఉండే ఒకతన్ని అడిగితే, "ఏమో సార్, రిక్వెస్టొచ్చింది, నొక్కా. రోజూ ఎన్నొస్తయ్యో" అన్నాడు. వెనక నుంచి మాస్టారి దగ్గు వినిపించి, "సారూ, మీరూ ఉన్నారా అక్కడ?" అని ఫోన్ పెట్టేశాడు.

ఆ దొంగను శిష్యుల్ని చూసి గురువు నమ్మాడు, గురువును చూసి మిగతా శిష్యులు నమ్మారు. వాడి ముఖం మాత్రం ఒక్కరూ చూడలేదు. ఎన్నో కేసుల గురించి రాశాను గానీ, ఇంత తేలిగ్గా జరిగిన మోసం నేను చూడలేదు. వాడు చెప్పిన అబద్ధాలు కూడా తక్కువే. మిగతా పని మా నమ్మకమే చేసిపెట్టింది.

మాస్టారు తన ఫోన్ బోర్లించి పక్కన పెట్టారు. "వెల్డింగ్ అయినాక పైన పెంకు కడుతుందయ్యా. సుత్తితో అది కొట్టి, కింద అతుకు చూడాలి. ముప్ఫయ్యేళ్లు పిల్లోళ్లకి అదే చెప్పా. నేను మాత్రం పెంకు చూసి బాగుందన్నా" అన్నారు.

మాస్టారు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు. ఢిల్లీకి కాగితాలు వెళ్లాయి. విచారణలో ఉందన్న జవాబే వచ్చింది. నేను వార్త రాశాను. ఒకరోజు చదివారు.

ఆయన మాత్రం ఆ నెట్‌వర్క్‌లోనే అందరికీ కనబడేలా రాశారు. ఆ మనిషిని తాను ఎన్నడూ చూడలేదని, తన పేరు చూసి అతన్ని కలుపుకున్నవాళ్లంతా వెంటనే తీసేయాలని, ఒక కుర్రాడు కనబడకుండా పోయాడని, దానికి పూచీ తనదేనని. శిష్యులు ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేశారు.

"సార్, అది తీసెయ్యండి. మీ పేరు పోద్ది."

"పోనీరా. ఆ పేరు చూసేగా ఆ పిల్లోడు పోయింది."

పేరు పోయింది. మేనేజర్లు ఫోన్లు ఎత్తడం మానేశారు. కొందరు శిష్యులు కూడా తమ లిస్టుల్లోంచి ఆయన్ని తీసేశారు. నేను బాధపడుతూ ఆ మాట చెబితే, "తీసెయ్యనీవయ్యా. ఇప్పుడన్నా చూసి తీస్తన్నారు" అన్నారు.

వారం వారం బస్సెక్కి గురజాల వైపు వెళ్లి ఆ తల్లి ఇంటి ముందు కూర్చుని వచ్చేవారు. చెప్పడానికి కబురేమీ ఉండేది కాదు. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. ఆమె ఆయన వైపు చూడకుండా చెంబుతో నీళ్లు పెట్టి లోపలికి వెళ్లింది. "అడుగు, తిట్టు, ఏదోటను అమ్మా" అన్నారు ఈయన. లోపల నుంచి, "తిడితే వస్తాడా సారూ?" అని వినబడింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు, ఎవరో అమ్మాయి ఫొటోతో, ఎప్పుడూ వినని పేరుతో ఆయనకు ఒక మెసేజ్ వచ్చింది.

"సార్, నేనే. ఇక్కడ నాకు ఈ పేరు పెట్టారు. మీరిచ్చిన నల్లద్దాలు అమ్మ దగ్గరున్నాయి. బతికే ఉన్నానని చెప్పండి. తిరిగి రాయొద్దు, కొడతారు."

నిజమో కాదో తేల్చుకుందామన్నాను. ఇద్దరం వెళ్లాం. అద్దాల సంగతి అడగ్గానే తల్లి పెట్టె తెరిచి, పాత తువ్వాలులో చుట్టిన వెల్డింగ్ కళ్లద్దాలు తీసింది. మాస్టారు మెసేజ్ చదివి వినిపించారు. ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుని ఆ అమ్మాయి ఫొటోను వేలితో తడిమింది. మేం తిరిగి బస్సు దిగేలోపే ఆ ఖాతా మాయమైంది.

అప్పటినుంచి ముక్కూ మొహం తెలియని ఖాతాల నుంచి ఏదొచ్చినా మాస్టారు తెరిచి చూసేవారు. మిగతా లోకమంతా భయపడి తోసేసేవాటిని ఆయన ఒక్కొక్కటీ చదివేవారు. ఏ దొంగ పేరు వెనక తన కుర్రాడున్నాడోనని. మరో మెసేజ్ రాలేదు. కుర్రాడు ఇంకా రాలేదు. మాస్టారు పోయారు.

పెద్దకర్మ రోజున ఆ తల్లి వచ్చింది. భోజనాలకు కూర్చోలేదు. గుమ్మం దగ్గర నిలబడి, "ఇంక నేనెవర్నడగాలమ్మా?" అంది. మాస్టారి భార్య లోపలికి వెళ్లి ఆయన ఫోన్, చార్జరు తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. "నీ కొడుకు రాస్తే దీనికే రాస్తాడు. నువ్వుంచుకో."

ఇది ఆయన శిష్యులు చాలామంది చదువుతారు. మీకొక మాట. మాస్టారి ఖాతాకు సంతాపాలు పంపకండి. ఫొటోలు, దండాలు, పాత జ్ఞాపకాలు ఏవీ వద్దు. మొన్న నేను ఆ తల్లి ఇంటికి వెళ్లేసరికి ఫోన్ సిగ్నల్ అందే కిటికీలో ఉంది. మీలో ఎవరిదో సంతాపం వచ్చి మోగింది. ఆమె అంట్ల దగ్గర నుంచి లేచి, చేతులు చీరకు తుడుచుకుంటూ పరుగెత్తింది. ఆమెకు చదువు రాదు. ఫోన్ పట్టుకుని గోడ మీదుగా పక్కింటి కోడలికి చాచింది.

"మా వాడేనా?"

ఆ పిల్ల చదివి తల అడ్డంగా ఊపింది. ఆమె ఫోన్‌ను మళ్లీ కిటికీలో పెట్టింది. దాని మీద బూడిద వేలిముద్రలు పడితే కొంగుతో తుడిచింది. అంట్ల దగ్గరకు ఇంకా చేరనేలేదు, మళ్లీ మోగింది.