ఉలవల సంచి మీద కెమెరా

పెళ్లయి బెంగళూరు పక్కనున్న హోసూరుకు కాపురానికి వచ్చేసరికి మా బీరువాలో పై అర కెమెరాది, కింది అర నా పట్టుచీరలది. అది తొంభైల నడిమికాలం. మా ఆయన ఒక ఫ్యాక్టరీలో పనిముట్లు, అచ్చులు తయారుచేసే టూల్‌రూమ్‌లో పనిచేసేవాడు. కొత్త మిషన్ల పెట్టెల్లో తేమ పీల్చుకోవడానికి వేసే చిన్న తెల్ల పొట్లాలుంటాయి చూడండి, వాటిని ఏరి తెచ్చి కెమెరా చుట్టూ పేర్చేవాడు. లెన్సుకు బూజు పడుతుందని ఆయన భయం. నా చీరలకు మాత్రం కలరా ఉండలతో సరి.

ఆ కెమెరా బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఇనుపముక్కలా బరువు. లెన్సును సీసా మూతలాగా తిప్పి బిగించాలి. వెలుగు చూసుకుని, దూరం సరిచేసుకుని, ఊపిరి బిగబట్టి నొక్కాలి. ఒక ఫిల్మ్ రోల్ వేస్తే మాకు పండగ నుంచి పండగ దాకా వచ్చేది. ఆయన కెమెరా కంటికి ఆనించి, అటు చూసి ఇటు చూసి, "ఊహూఁ, వెలుతురు బాగలేదు" అని తీయకుండానే దించేసిన సందర్భాలే ఎక్కువ. తీయని ఫోటోలన్నీ లెక్కేస్తే ఆయనంత గొప్ప ఫోటోగ్రాఫర్ మా జిల్లాలో ఇంకొకరు లేరు.

నేను బాగలూరు దగ్గర పూలతోటలు చేసేవాళ్ల ఇంట్లో పుట్టినదాన్ని. నాకు తెలిసిన ఫోటో అంటే స్టూడియోలో ప్లాస్టిక్ పూలకుండీ పక్కన బిగుసుకుని నిలబడడమే. పెళ్లయ్యాక ఆదివారాలు ఆయన వెంట తిరుగుతూ థర్మకోల్ అట్ట పట్టుకునే పని దొరికింది. ఎండకు ఎదురుగా దాన్ని పట్టుకుంటే నీడలో ఉన్న ముఖం మీదకు వెలుగు తిరుగుతుంది. టీవీ పెట్టెలో వచ్చిన అట్ట అది, పైసా ఖర్చు లేదు.

ఒకసారి మా పుట్టింటికి పోయినప్పుడు రోజా తోటలో ఆయన నా చేతికి కెమెరా ఇచ్చాడు. ఆ చిన్న కిటికీలోంచి చూస్తే తెలిసిన తోటే కొత్తగా ఉంది. ఒక రేకు అంచున చీమ నడుస్తోంది. ఇంకా దగ్గరికి జరిగాను, అంతా మసకైపోయింది.

"చీమ కనపడలేదే?" అన్నాను.

"అంత దగ్గరికి పోతే ఇది చూడలేదు. దానికి వేరే లెన్స్ కావల్ల. అది మనం కొనేది కాదులే."

నాకు మనసొప్పలేదు. మరుసటి వారం ఫిల్మ్ కడిగించడానికి హోసూరులో మాకు తెలిసిన స్టూడియోకి పోయినప్పుడు అక్కడి అన్నను అడిగాను. ఆ అన్న నవ్వి, మా లెన్సును కెమెరా నుంచి ఊడదీసి, ముందువైపు వెనక్కి తిప్పి కెమెరాకు ఆనించి పట్టుకున్నాడు.

"ఇట్లా చూడమ్మా. లెన్స్‌ను తిరగేస్తే అదే భూతద్దం అయిపోతాది. పట్టుకునేదానికి ఒక రింగు ఉండల్ల, అంతే."

రింగు మాట వినగానే మా ఆయన కళ్లు మెరిశాయి. మనిషి టూల్‌రూమ్‌వాడు కదా. కొలతలు తీసుకుని, మేనేజరును అడిగి, భోజనం విరామాల్లో ఒక అల్యూమినియం ముక్కను లేత్ మీద చెక్కి రెండు వైపులా మరలు వేశాడు. మొదటిది వదులు, రెండోది బిర్రు. మూడోది చక్కగా బిగిసింది. ఆ రోజు సాయంకాలం మా వంటింటి కిటికీలో కూర్చుని వంతులవారీగా ఉప్పుకల్లును చూశాం. ఉప్పుకల్లు గాజుమేడలా ఉంది.

కొత్త చిక్కొకటి వచ్చింది. అంత దగ్గరగా చూస్తే చెయ్యి ఏమాత్రం వణికినా చీమ కాస్తా మాయం. స్టాండు పెడదామంటే అది నడుమెత్తు ఉంటుంది, చీమేమో నేలమీద. దీనికి మందు నేనే కనిపెట్టాను. ఆయన పాత జీన్స్ ప్యాంటు కాలు ఒకటి కత్తిరించి, ఒకవైపు కుట్టి, ఉలవలు పోసి, రెండోవైపు తాడుతో కట్టేశాను. నేలమీద పడేస్తే ఎలా కావాలంటే అలా ఒదుగుతుంది, దానిమీద కెమెరా పెడితే కదలదు. ఉలవలు మా ఆయన సొంతూరు కుందారపల్లి నుంచి మా అత్త పంపినవి. అక్కడ వాళ్లకు మామిడి తోట, కొంచెం చేను ఉన్నాయి.

ఆ సంచితో ఒక ఏడాది సుఖంగా గడిచింది. తర్వాత వేసవిలో కుందారపల్లి పోయాం. సంచిని వంటింట్లో మూలన పెట్టి నేను స్నానానికి పోయాను. తిరిగొచ్చేసరికి పొయ్యిమీద కుండ కుతకుత ఉడుకుతోంది, కమ్మటి వాసన. నా జీన్స్ కాలు ఉతికి తీగమీద ఆరేసి ఉంది.

"అత్తా, సంచిలో ఉలవలు యాడ పోయినాయి?"

"యాడికి పోతాయమ్మా, ఈడే ఉడుకుతా ఉండాయి. ఇంకొన్నాళ్లుంటే పురుగు పడతాయని పోసేస్తిని. ఎవరమ్మా ప్యాంట్లో ఉలవలు దాచేది?"

"అవి కెమెరావి అత్తా."

ఆమె గరిటె పట్టుకుని నన్ను, లోపలికొచ్చిన కొడుకును మార్చి మార్చి చూసింది. "ఏమప్పా, మీ కెమెరా కూడా ఉలవలు తింటాదా?" అంది. మా ఆయన నవ్వి నవ్వి గడపమీద కూలబడ్డాడు. చారు మాత్రం అద్భుతంగా ఉంది. ఆ సాయంకాలమే ఆమె సంచిలో రాగులు పోసి ఇచ్చింది. రాగులు ఇంకా బాగా ఒదిగాయి, ఆ మాట ఆమెతో చెబితే గర్వపడింది.

అలా ఏళ్లు గడిచాయి. రెండువేల సంవత్సరం దాటాక స్టూడియో అన్న దగ్గర ఆదివారాలు చేరే మా బోటి ఫోటో పిచ్చివాళ్ల మాటలు మారాయి. అందరికీ ఒకటే చర్చ, డిజిటల్. ఫిల్మ్ లేదట, తీసిన వెంటనే వెనక అద్దంలో కనిపిస్తుందట. టీ గ్లాసులు ఖాళీ అయ్యేవి కానీ వాదన తేలేది కాదు. మా ఆయన ఫిల్మ్ పక్షం.

"తీసిందే తుడిపేసేదానికి అవుతాదంటే ఇంక ఆలోచించేదెవరప్పా?" అనేవాడు.

నేను అప్పటికి ఇంట్లో పిల్లలకు ట్యూషన్లు చెప్పేదాన్ని. ఆ డబ్బు కూడబెట్టి, ఆయనకు ముందే చెప్పి, అరచేతిలో ఇమిడే చిన్న డిజిటల్ కెమెరా ఒకటి కొన్నాను. ఆయన కాదనలేదు. దాన్ని చేతిలోకి తీసుకుని తూచినట్టు ఊపి, "సబ్బుపెట్టె మాదిరి ఉండాది" అని మాత్రం అన్నాడు.

దాని వెనక ఒక పువ్వు గుర్తు మీట ఉంది. అది నొక్కి పెరట్లో మందారం మీది చీమ దగ్గరికి పోయాను. ఇంకా దగ్గరికి, లెన్సు దానికి తగులుతుందేమో అన్నంత దగ్గరికి. చీమ మీసాలతో సహా కనిపించింది. రింగు లేదు, లెన్సు తిరగేసేది లేదు, రాగుల సంచి లేదు. సంబరంగా పరిగెత్తి ఆయనకు చూపించాను.

ఆయన ఆ చిన్న అద్దాన్ని చాలాసేపు చూశాడు. "బాగుండాది" అని కెమెరా ఇచ్చేసి, మొక్కలకు నీళ్లు పోస్తానని బయటికి పోయాడు. ఆ మొక్కలకు పొద్దునే నేను నీళ్లు పోశాను. ఆయన మనసు నాకు తెలిసింది. విరామమంతా వదులుకుని చెక్కిన రింగు పనిని ఒక మీట చేసేస్తే ఎవరికైనా చివుక్కుమంటుంది కదా.

మళ్లీ వేసవి వచ్చింది. కుందారపల్లి తోటలో పొద్దున్నే తిరుగుతుంటే నా కంటికొక మామిడి కొమ్మ మీద గట్టిపడిన నురుగు ముద్దలాంటిది కనిపించింది. అది గొల్లభామ గుడ్ల గూడు. చూస్తుండగానే అది కదిలింది. దాని అంచు నుంచి గోధుమరంగు ప్రాణులు ఒక్కొక్కటే జారుతూ సన్నటి దారాలకు వేలాడుతున్నాయి. గొల్లభామ పిల్లలు! చేతులు ముడుచుకుని పుట్టీపుట్టకముందే దండాలు పెడుతున్నట్టున్నాయి.

"ఇదో, తొందరగా రండి!" అని అరిచాను.

ఆయన తన కెమెరా, రింగు, సంచితో పరిగెత్తుకొచ్చాడు. కొమ్మ కింద సంచిని వేయడానికి బండ ఒకటి దొర్లించాడు. అప్పుడు చూసుకుంటే రోల్ చివర్లో ఉంది, నాలుగు ఫోటోలే మిగిలాయి. కొత్త రోల్ హోసూరులో ఉండిపోయింది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, కెమెరాను వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ, గాలి ఆగేదాకా కాచుకున్నాడు. నేను ఆ పక్కనుంచి టకటకా నొక్కుతూనే ఉన్నాను.

నాకు రోల్ అయిపోయే బాధ లేదు కదా అని లోలోపల నవ్వుకునేంతలో నా కెమెరా కూత పెట్టి ఆరిపోయింది. సెల్లులు అయిపోయాయి. ఆ రోజుల్లో డిజిటల్ కెమెరాలకు ఉన్న ఆకలి అలాంటిది. ఇంకా సగం పిల్లలు గూట్లోనే ఉన్నాయి. ఇంటికి పరిగెత్తాను.

"అత్తా, సెల్లులుండాయా? పెన్సిల్ సెల్లులు!"

ఆమెకు విషయం చెప్పే ఓపిక కూడా నాకు లేదు. నా ముఖం చూసి ఆమె ఏమీ అడగకుండా కుర్చీ ఎక్కింది. గోడ గడియారం దించి దాని సెల్లు ఊడదీసింది. టీవీ రిమోట్ వెనక మూత తీసి మరొకటి ఇచ్చింది. "గడియారం ఆగిపోతే ఏమీ కాదులే, పద, నేనూ చూస్తాను" అని కొంగు బిగించి నా వెంట వచ్చింది.

ఆ ముసలి సెల్లులతో కెమెరా ఇంకొంచెంసేపు ఊపిరి పోసుకుంది. మా ఆయన అప్పటికి తన నాలుగూ తీసేసి, పక్కకు జరిగి కూర్చున్నాడు. నేను కెమెరా ఆయన చేతికిచ్చాను.

"మీరు తీయండి. సంచి మీద నిలిపి తీసేది మీకే బాగా వస్తాది."

ఆయన ఒక క్షణం తటపటాయించి తీసుకున్నాడు. కెమెరాను రాగుల సంచి మీద ఒదిగించి, పువ్వు మీట నొక్కి, తీశాడు. అద్దంలో చూసుకున్నాడు. మళ్లీ తీశాడు. అత్త ఆయన భుజం మీదుగా వంగి, "ఆ కింద దారానికి వేలాడేదాన్ని తియ్యప్పా, అది చూడు ఎట్ల ఊగుతా ఉండాదో" అని చూపిస్తోంది. సెల్లులు పూర్తిగా చచ్చేదాకా ఆయన లేవలేదు.

మధ్యాహ్నం అంగడి నుంచి కొత్త సెల్లులు తెచ్చి వేసి, టీవీకి తీగ కలిపి ఆ ఫోటోలు చూశాం. అత్త తాను చూపించిన పిల్ల తెరనిండా కనిపిస్తే చప్పట్లు కొట్టింది. వారం తర్వాత కడిగించిన ఫిల్మ్‌లో ఆయన నాలుగింటిలో ఒకటి మేలిమి ముత్యంలా వచ్చింది. నా సబ్బుపెట్టెకు ఆ లోతు రాదు, ఆ రంగు రాదు. రెంటినీ పక్కపక్కన పెట్టుకుని మాట్లాడుకున్నాం. ఎవరూ గెలవలేదు, ఇద్దరికీ సంతోషమే.

తర్వాతి సంగతులు కాలం తానే చూసుకుంది. స్టూడియో అన్న ఫిల్మ్ కడిగే మిషన్ తీసేసి ఆ చోట కంప్యూటర్ పెట్టాడు. రోల్ కావాలంటే బెంగళూరు పోవాల్సి వచ్చేది. మా ఆయన ఒకటి రెండేళ్లు లాగి, చివరికి లెన్సు మార్చుకునే రకం డిజిటల్ కెమెరా కొన్నాడు. పాత లెన్సు దానికి పట్టదేమోనని దిగులుపడ్డాడు. మధ్యన వేసే చిన్న రింగు ఒకటి బజారులో చవకగా దొరికింది. పాత లెన్సు కొత్త కెమెరా మీద కూర్చుంది. ఆయన ఆ రింగును వేళ్ల మధ్య తిప్పి తిప్పి చూసి, "మరలు బాగా కోసినారు" అని మెచ్చుకున్నాడు. పనివాడి మెచ్చుకోలు అది.

ఇక ఆయనను పట్టేవాళ్లు లేరు. తీయకుండా కెమెరా దించే మనిషి ఇప్పుడు ఒక్క పిచ్చుకనే పొద్దంతా తీస్తాడు. కంప్యూటర్ ముందు కూర్చుని పనికిరానివి తుడిపేసే పని నాకు పడింది. మేమిద్దరం వాదించుకునేది దాని గురించే. ఆయనకు అన్నీ బాగున్నట్టే ఉంటాయి.

ఒకరోజు అత్త మా ఇంటికి వచ్చింది. ఫోటోలు చూపించమంటే కంప్యూటర్ ముందు కుర్చీ వేశాం. అన్నీ చూసింది. చూసి, "బాగుండాయి. అయితే నా చేతికి ఏదీ రాలేదే?" అంది.

"ఇందులో ఉండాయి కదమ్మా, ఎప్పుడు కావాలన్నా చూడొచ్చు" అన్నాడు మా ఆయన.

"ఇందులో ఉంటే నాకేమప్పా? పక్కింటామె వస్తే ఈ పెట్టెను ఎత్తుకుని పోయి చూపించల్లనా?"

ఆమెను కుందారపల్లిలో దింపడానికి పోయినప్పుడు, ఆమె ఎంచిన ఫోటోలు సీడీలో వేసుకుని, ఊళ్లో దిగకుండా నేరుగా కృష్ణగిరి దాకా పోయాం. బస్టాండు దగ్గర ఒక షాపులో వాటన్నిటినీ కాగితం మీద వేయించాం. అవి బయటికి వస్తుంటే ఆమె కౌంటరు దగ్గరే నిలబడి, ఇంకా వెచ్చగా ఉన్న ఒక్కొక్కదాన్నీ అంచులు పట్టుకుని అందుకుంది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ముందు సీట్లోని ఎవరో తెలియని ఆవిడను తట్టి పిలిచింది.

"ఇదో చూడమ్మా, నా కొడుకూ కోడలూ తీసినవి" అని కట్టంతా ఆమె ఒళ్లో పెట్టేసింది.