మిరపకల్లంలో తీతువు గూడు

మా పక్షిశాస్త్రవేత్త ఇక లేరు. ఫాల్గుణ మాసపు ఉదయాన వినుకొండ నుంచి ఆమె తమ్ముడు ఫోను చేసి, "అక్క తెల్లవారుజామున వెళ్లిపోయిందండీ మాస్టారూ" అన్నాడు. అంతలోనే తీతువు పిట్ట ఒకటి మా ఇంటిమీదుగా కూసుకుంటూ పోయింది. "చావు కబురు అదే తెచ్చింది" అన్నారు ఇరుగుపొరుగువారు. ఆమె ఉంటే ఎంత నవ్వేవారో!

చర్చి ఉపదేశి కుమార్తెగా పత్తిచేల నడుమ పెరిగి, గుంటూరులో జంతుశాస్త్రం బోధిస్తూ, సెలవు దొరికితే పిట్టల కోసం మూట కట్టే మనిషి ఆమె. హిమాలయాల ఆవలి మంచుటెడారిలో క్రౌంచాల గూళ్లు వెదికారు. అండమాను అడవిలో గొంతునుబట్టి గుడ్లగూబ జాడ పట్టారు. ఎన్ని బిరుదులు వచ్చినా చేతిసంచిలో వేరుశనగ ఉండలు మాత్రం తప్పలేదు. పిట్టకోసం కాచుకుని కూర్చోవడానికి అంతకు మించిన సాధనం లేదనేవారు.

తిరిగి రాగానే, తెలుగు పంతులునని, నాతో వాదానికి దిగేవారు.

"మాస్టారూ, మీ కవులు చకోరానికి వెన్నెల తాగించారు గానీ, అదేం తింటుందో ఒక్కరూ వంగి చూడలేదండీ!"

"చూసుంటే పద్యం వచ్చేది కాదమ్మా."

"చూసి రాయండి. ఇంకా బాగుంటుంది."

ఆమె విజయాలలో నేను కళ్లారా చూసినది హిమాలయాలలోనిది కాదు, మా ఊరి మిరపకల్లంలోనిది. ఆమె ఉద్యోగ విరమణ తరువాతి మాట. కాయలు ఆరబోయవలసిన నేల నడుమ, గులకరాళ్ల మధ్య, తీతువు గుడ్లు పెట్టింది. రైతు రాయి అందుకున్నాడు. ఆమె గూటికి అడ్డంగా కూర్చున్నారు.

"లేవండి మేడం గారూ! కల్లంలో తీతువు కూస్తే అరిష్టం. రేపు కాయ దిగుతంది, ఏడాది కష్టం ఎక్కడ పోసుకోను?"

"అరిష్టం కాదయ్యా. 'నా పిల్లలున్నారు, అడుగు చూసి వెయ్యండి' అంటంది. పసిబిడ్డ పక్కనుంటే మీ ఇంటావిడ కేకలెయ్యదా? అదీ అరిష్టమేనా?"

"అరిష్టమేనండీ, ఈయనగారికి!" అంది రైతు భార్య. కాయలేరే ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. రైతూ నవ్వాడు, చేతిలో రాయి జారింది.

"కీడు రాకుండా పంటరాశి చుట్టూ బూడిద గీస్తారుగా, దీని చుట్టూ గియ్యండి" అన్నారామె. రైతు భార్య పొయ్యిలో బూడిద తెచ్చి తానే గీసింది.

"గుడ్లు పిల్లలయ్యేదాకానే!" అన్నాడు రైతు.

ఆ గీత దాటి ఒక్క కాయా పడలేదు, ఒక్క కాలూ పడలేదు. పిల్లలు తల్లి వెంట ఎర్రటి కాయల నడుమ పరుగెత్తిన నాడు ఆమె పసిపిల్లలా చప్పట్లు కొట్టారు. ఏ సన్మానసభలోనూ ఆమె ముఖాన ఆ వెలుగు నేను చూడలేదు. రైతుకు ఏ కీడూ కలగలేదు. ఆ కబురు కల్లం నుంచి కల్లానికి పాకింది.

ఆమెను సమాధి చేసిన మర్నాడు ఆ కల్లానికే వెళ్లాను. కనుచూపుమేర ఎరుపు. నడుమ, ఎవరూ చెప్పకుండానే గీసిన బూడిద వలయం. పక్క కల్లంలో మరొకటి. నా చేతికర్ర చప్పుడుకు తీతువు లేచి తలమీదుగా కూసింది. కాయలేరే చేతులు ఆగలేదు. ఎవరూ రాయి ఎత్తలేదు.

అడుగు చూసి వేశాను. అది దిగివచ్చి, గుడ్ల మీద ఒద్దికగా సర్దుకుని కూర్చుంది.