డిక్కీలో నేను బిగించిన స్క్రూ

మా కారులో పొగ రావడానికి కారణం నేనేనని ఆరేళ్లపాటు ఎవరికీ చెప్పలేదు.

మెట్టుగూడలోని కారు స్టీరియో షాపు మెకానిక్ యాదగిరి డిక్కీలో పాటల ఆంప్లిఫయర్‌కు వైరింగ్ చేశాడు. దాన్ని పెట్టే ప్లైవుడ్ షెల్ఫ్ మర్నాడు నేనే బిగించాను. ఆదివారం సీతాఫల్‌మండి దగ్గర డిక్కీలోంచి పొగలొచ్చాయి. వెనక సీట్లో ఉన్న మా పాపను బయటికి లాగి, ఆటోలో షాపుకెళ్లి, వైరింగ్ సరిగా చేయలేదని యాదగిరి మీద అరిచాను.

"నా వైరు ఊకెనే కాలదు సార్. జెర షెల్ఫ్ ఇప్పుండ్రి, చూస్త," అన్నాడు యాదగిరి.

"చేసింది చాలు!" అన్నాను. షాపు యజమాని అతన్ని అప్పుడే పనిలోంచి తీసేశాడు.

తర్వాత షెల్ఫ్ విప్పితే, నేను బిగించిన పొడవాటి స్క్రూ వైరును చీల్చుకుని దిగి ఉంది. ఆ వీధిలోకి వెళ్లడమే మానేశాను గానీ, మనసు కుదురుకోలేదు.

మొన్న యజమానికి నిజం చెప్పి, ఆయన్ను వెంటబెట్టుకుని యాదగిరి ఇంటికి వెళ్లాను.

"తప్పు నాది యాదగిరీ. నీ మీద నింద వేసి నీ పని పోగొట్టిన, నిజం తెలిసినంక గూడ దాచిన. మాఫ్ చెయ్యి," అన్నాను.