బొట్టు పెట్టిన ఫిల్టరు

మా కారు నాకంటే పెద్దది. వయసులోనూ, బరువులోనూ, గౌరవంలోనూ. అరకు బస్టాండు ముందు నుంచి వెళ్తుంటే టూరిస్టులు సెల్‌ఫోన్లు పైకెత్తేది దాని కోసమే. వాళ్ల ఫొటోల్లో నేను డ్రైవరుగా మిగిలిపోయాను.

ఆ మహాతల్లికి ఒకటే లోపం, ఆయిల్ ఫిల్టరు ఉన్న చోటు. ఒక పక్క ఇంజను, ఇంకో పక్క ఛాసిస్, కింద స్టీరింగు రాడ్డు. ఆ సందులోకి చీమ దూరాలన్నా ఊపిరి బిగబట్టి పక్కకు తిరగాలి. విశాఖపట్నం నుంచి సాలూరు దాకా ఏ మెకానిక్కు చూసినా ఇంజను దింపాలన్నాడు. దింపకుండా ఫిల్టరు మార్చగల చేయి ఈ కొండల్లో ఒక్కటే ఉంది. పెదబయలు నుంచి వచ్చి మా వీధి చివర షెడ్డు పెట్టుకున్న మెకానిక్కుది. పొట్లకాయలాంటి చేయి. అది అలిగిందంటే నా కారు కోళ్లగూడే. ఈ సంగతి నాకు తెలుసు, అతనికి తెలుసు, మా ఆవిడకు ఇంకా బాగా తెలుసు. కోళ్లు పెంచాలన్న కోరిక ఆవిడకు చాలాకాలంగా ఉంది.

అలాంటి చేతిని అనుమానించకూడదు. కానీ నేను పాలవాడు నిలబడి ఉండగానే పాలలో వేలు ముంచి చూసే మనిషిని. కాఫీ పొడిలో చింతగింజలు కలిశాయేమోనని భూతద్దం పెట్టిన మనిషిని. పైగా అతని పద్ధతి కూడా అలాగే ఉండేది. గోనెసంచి పరుచుకుని కారు కింద పడుకుంటాడు. చేయి లోపలికి పోనిచ్చి కళ్లు మూసుకుంటాడు. సరిగ్గా అప్పుడే, "బాబూ, కూసిన్ని పాతగుడ్డలట్టుకురండి" అని నన్ను ఇంట్లోకి తోలుతాడు. తిరిగొచ్చేసరికి పని అయిపోయి ఉంటుంది. ఇంజను దింపితే గానీ కాదని పట్నమంతా తీర్మానించిన పని, నేను పాత లుంగీ చింపేలోపు ఎలా అవుతుంది? పాత ఫిల్టరునే తుడిచి మెరిపించి, కొత్తది ఎక్కడో అమ్ముకుంటున్నాడని నాలో నేనే తేల్చేశాను.

దసరాకు వల పన్నాను. ఆయుధపూజ రోజు అందరూ బండి ముఖానికి బొట్టు పెడతారు. నేను కొబ్బరి ఈనె చివర పసుపు, కుంకుమ నూనెలో తడిపి అద్ది, బానెట్ ఎత్తి పైనుంచి ఆ సందులోకి దించి ఫిల్టరుకు పెట్టాను. మొదట గురి తప్పి ఇంజనుకు కొన్ని బొట్లు దక్కాయి. మెకానిక్కు ఆదివారం చర్చి తప్పని మనిషి, బొట్ల జోలికి రాడు. అంటే, ఆయిల్ మార్చాక కూడా ఆ సందులో బొట్టు కనిపించిందా, అది పాత ఫిల్టరే. ఈ పథకం తట్టిన రాత్రి నా తెలివికి నేనే భయపడ్డాను.

చలి తగ్గాక ఆయిల్ మార్చే రోజు వచ్చింది. అప్పటికి వారం ముందే కొత్త ఫిల్టరు తెచ్చి, ఎలుకలకు అందకుండా దేవుడి గూట్లో పెట్టాను. ఆ పెట్టెను నా చేత్తోనే అతనికి అందించాను. అతను మామూలుగానే కళ్లు మూసుకున్నాడు, మామూలుగానే గుడ్డలడిగాడు, మామూలుగానే నేను వచ్చేసరికి పని ముగించి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. నేను మా ఆవిడ చేతి అద్దం, టార్చిలైటు పట్టుకుని కారు కిందికి పాకాను.

అద్దంలో బొట్టు. ఎర్రగా, గుండ్రంగా, పెళ్లికూతురి నుదుటి మీద ఉన్నట్టు.

"ఫిల్టరు మార్చావా?" అన్నాను, బయటికొచ్చి.

"మార్సకపోతే, కింద నిద్దరోయాననుకున్నారేటి?"

"పాతదేదీ?"

"అడ్డాకుల ఇస్తరిలో సుట్టి మీ డిక్కీలోనే ఎట్టాను."

నేరం రుజువయ్యాక డిక్కీ ఎందుకు? అద్దం అతని చేతికిచ్చాను. "లోపల బొట్టుంది, చూడు. దసరాకు నేను పెట్టింది."

అతను చూడలేదు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "నాను దొంగనని బొట్టెట్టి మరీ కాపు కాసారన్నమాట. సరే బాబూ, మీరే సెయ్యెట్టి ఇప్పండి. అది పాతదే అయితే షెడ్డు మూసేసి మా ఊరెల్లిపోతాను."

గోనెసంచి మీద పడుకుని చేయి దూర్చాను. చర్మం కొంత రాడ్డుకు సమర్పించుకున్నాక వేళ్లు ఫిల్టరుకు తగిలాయి. తిప్పడానికి చోటు లేదు. వెనక్కి తీద్దామంటే బొటనవేలు అడ్డం పడింది. ఇక నా శేషజీవితం ఇక్కడేనని, రేషను బియ్యం వేలిముద్రకు మిషను కారు కిందికే తెప్పించుకోవాలని అర్థమైంది.

అరుగు మీద కాఫీ గింజలు ఏరుతున్న మా ఆవిడ వంగి చూసింది. "ఏటండీ, ఏటి దొరికింది కింద?"

"బొట్టు."

"అదా. కొత్తదానికి నానే ఎట్టాను. కొత్త ఇనపసామాను తెచ్చి దేవుడి గూట్లో ఎడితే, పసుపూ బొట్టూ లేకండా ఒగ్గెత్తానా? గ్రైండరుకెట్టలేదా, గేసు స్టవ్వుకెట్టలేదా?"

ఆవిడే వెళ్లి డిక్కీ తెరిచి అడ్డాకులు విప్పింది. నల్లటి పాత ఫిల్టరును గుడ్డతో రుద్దింది. "ఇదే మీ బొట్టయ్యుంటాది, వంకరగా ఉంది."

మెకానిక్కు నవ్వితే బాగుండేది. నవ్వలేదు. అరుగు మీద కూర్చుని మా ఆవిడ ఇచ్చిన టీ చల్లార్చుకుంటూ తాగాడు.

"కాస్త నా చెయ్యి సంగతి చూడు," అన్నాను కింద నుంచి.

"అది మీ సెయ్యేనా బాబూ? అనుమానంగా ఉంది. ఓ బొట్టెట్టి సూడమంటారా?"

గ్లాసు ఖాళీ అయ్యాకే వచ్చాడు. మణికట్టు మీద ఆయిల్ పోసి, బొటనవేలు లోపలికి మడిచి, నన్ను లాగాడు. తర్వాత సామాను సంచిలో వేసుకున్నాడు. "ఈ బండికి ఇంక నాను రాను. ఇంకో సెయ్యి సూసుకోండి."

ఇంకో చేయి లేదు. నా కళ్ల ముందు కారు సీట్ల మీద కోళ్లు పొదుగుతున్నాయి. ఆశ్చర్యం, ఆదుకున్నది మా ఆవిడే.

"తమ్ముడూ, నీ ఒక్కడి మీదేనా ఈయన అనుమానం? నాను వండిన కూర పిల్లి తిని బతికితేనే ఈయన తింతారు. నువ్వు రాకపోతే బండి పోద్ది, నిజమే. రోజంతా ఈయన ఏడుపు ఇనాల్సింది మాత్రం నాను."

అతను సంచి భుజాన వేసుకున్నాడు. "అక్కా, నీ మొకం సూసి వత్తాను. కానీ ఆ రోజు బాబు ఊళ్లో ఉండకూడదు."

ఇప్పుడు ఆయిల్ మార్చే రోజున నన్ను పొద్దున్నే ఆటో ఎక్కించి హుకుంపేట సంతకు పంపేస్తారు. పిప్పళ్ల దగ్గరా కొండచీపుళ్ల దగ్గరా నిలబడి బేరం చేస్తాను, ఏమీ కొనను. అమ్మేవాళ్లకు నా మీద అనుమానం మొదలయ్యింది.

కాసేపటికి మా ఆవిడ ఫోను. "అయిపోయింది, వచ్చీండి."

"ఇంత తొందరగానా? నువ్వు దగ్గరుండి చూశావా?"

"సూసాను."

"ఆ చెయ్యి లోపల ఏం చేస్తోందో కనబడిందా?"

ఫోను పెట్టేసింది. వెంటనే మళ్లీ చేశాను. ఎంగేజ్ వస్తోంది. ఎవరితో మాట్లాడుతోందో.